పాట రిజిస్ట్రేషన్, రాయల్టీ: చెన్నైలోని మన తెలుగు కళాకారులు తరచుగా అడిగే ప్రశ్నలు

సాలిగ్రామంలో మాదొక చిన్న రికార్డింగ్ స్టూడియో. వచ్చేవాళ్లలో సగం మంది తెలుగువాళ్లే. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో బస్సెక్కి తెల్లారేసరికి మాధవరంలో దిగేవాళ్లు, ఇక్కడే పుట్టి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే పిల్లలు, డిసెంబరు సీజన్‌లో సభల్లో కచేరీలు చేసే అమ్మాయిలు. మిక్సింగ్ అయిపోయి టీ తాగేటప్పుడు అందరూ అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. అడిగిన ప్రతిసారీ నోటితో చెప్పడం కన్నా ఒకచోట రాసి పెడితే నలుగురికీ పనికొస్తుందని రాశాను.

రిజిస్టర్ చేయించకపోతే పాట నాది కాకుండా పోతుందా?

పోదు. మన 1957 కాపీరైట్ చట్టంలో హక్కు పాట పుట్టిన క్షణంలోనే పుడుతుంది. సాహిత్యం కాగితం మీదికి, బాణీ ఫోన్‌లోకైనా ఎక్కితే చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

మరి ఎందుకు చేయించడం అంటే, రేపు ఎవరైనా "ఈ పాట మాది" అని వస్తే రిజిస్టరులో ఉన్న వివరాలను కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. కాదని రుజువు చేసే భారం అవతలివాడి మీద పడుతుంది. నా సలహా అడిగితే, రాసిన ప్రతి పాటకీ అక్కర్లేదు. ఏ పాట బయటికి వెళ్తోందో, ఏ పాట మీద డబ్బు పెట్టారో దానికి చేయించండి.

ఒక పాటలో ఎన్ని హక్కులుంటాయి?

ఇది అర్థమైతే మిగతావన్నీ సులువు. పాట అంటే మనకు ఒకటే వినిపిస్తుంది గానీ చట్టానికి అందులో విడివిడి ఆస్తులున్నాయి. సాహిత్యం ఒకటి, అది రచయితది. బాణీ ఇంకొకటి, అది సంగీత దర్శకుడిది. ఆ రెంటినీ పాడించి, వాయించి పట్టుకున్న రికార్డింగ్ మూడోది, అది నిర్మాతది. వీటికి తోడు గాయకుడికీ వాద్యకారుడికీ తమ ప్రదర్శన మీద వేరే హక్కు ఉంది.

వీటికి ఆయుష్షు కూడా ఒకేలా ఉండదు. సాహిత్యానికీ బాణీకీ కర్త జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. రికార్డింగ్‌కి విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు. ఘంటసాల గారు 1974లో, పింగళి నాగేంద్రరావు గారు 1971లో కాలం చేశారు. వాళ్లిద్దరూ కలిసి చేసిన పాట ఒకటి 1955లో రికార్డుగా వచ్చిందనుకోండి. ఆ రికార్డింగ్ మీద హక్కు 2015 డిసెంబరు 31తో తీరిపోయింది. పింగళి వారి సాహిత్యానికి 2031 చివరిదాకా, ఘంటసాల గారి బాణీకి 2034 చివరిదాకా హక్కు ఉంటుంది. "పాత రికార్డే కదా, ఎవరిదీ కాదు" అని దాన్ని ఎత్తి వాడుకునేవాళ్లు సరిగ్గా ఇక్కడే పొరబడుతున్నారు.

రికార్డింగ్ ఎవరిది? స్టూడియోదా, పాడినవాళ్లదా, డబ్బు పెట్టినవాళ్లదా?

రికార్డింగ్ జరగడానికి చొరవ తీసుకుని, బాధ్యత నెత్తిన వేసుకున్నవాళ్లను చట్టం నిర్మాత అంటుంది. మైకు మాది, గది మాది అయినంత మాత్రాన స్టూడియోకి రికార్డింగ్ మీద హక్కు రాదు. మీరు అద్దె కట్టారు, మేము పని చేశాం, అంతే.

అందుకే బిల్లు ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి. నలుగురు స్నేహితులు తలా కొంత వేసుకుని పాట చేసి, బిల్లు మాత్రం జీపే చేసిన ఒక్కడి పేరు మీద రాయించుకుని వెళ్లడం నేను చాలాసార్లు చూశాను. పాట ఆడనంతకాలం ఎవరికీ పట్టదు. ఆడిన రోజున ఆ బిల్లే పెద్ద కాగితమైపోతుంది.

రిజిస్ట్రేషన్ ఎక్కడ, ఎంత, ఎన్నాళ్లు?

కాపీరైట్ ఆఫీసు దేశం మొత్తానికీ ఒక్కటే, ఢిల్లీ ద్వారకలోని బౌద్ధిక్ సంపదా భవన్‌లో. అక్కడికి వెళ్లనక్కర్లేదు, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఫారం 14 నింపి, రుసుము కట్టి, పాట జతచేయాలి. సాహిత్యానికి 500 రూపాయలు, బాణీకి 500, సౌండ్ రికార్డింగ్‌కి 2,000. మూడూ వేర్వేరు దరఖాస్తులు. ఒక్క సౌండ్ రికార్డింగ్‌కి కట్టి "మొత్తం పాట అయిపోయింది" అనుకునేవాళ్లు ఎక్కువ. అది అయింది రికార్డింగ్‌కి మాత్రమే.

కట్టగానే డైరీ నంబరు వస్తుంది. ఎవరైనా అభ్యంతరం చెప్పడానికి 30 రోజులు గడువు ఉంటుంది. ఆ తర్వాతే పరిశీలకుడు ఫైలు తెరుస్తాడు. రచయిత, సంగీత దర్శకుడు, గాయకులు మీరు కాకపోతే వాళ్ల దగ్గర నిరభ్యంతర పత్రం ముందే తీసుకోండి. దరఖాస్తులు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. పాట చేసిన వేడిలో అందరూ సంతకం పెడతారు. ఆరు నెలల తర్వాత ఒకరు దుబాయ్‌లో ఉంటారు, ఇంకొకరు మాట్లాడుకోవడం మానేసి ఉంటారు.

గిండీలో ఆఫీసు ఉంది కదా, అక్కడ ఇవ్వకూడదా?

అది పేటెంట్లకీ ట్రేడ్‌మార్కులకీ. మీ బ్యాండు పేరును ట్రేడ్‌మార్కు చేయించాలంటే అది ఆ ఆఫీసు పని. పాటకి కాదు.

ఐఎస్‌ఆర్‌సీ అంటే? కాపీరైట్ నంబరేనా?

కాదు. మనకు ఆధార్ ఎలాగో రికార్డింగ్‌కి అది అలాగ. 12 అక్షరాల గుర్తు: మొదట దేశం, తర్వాత నమోదుదారు, ఆ తర్వాత ఏడాది, చివర ఐదంకెల వరుస సంఖ్య. మన దేశంలో వీటిని చూసేది ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ అనే సంస్థ. పాటను యాప్‌లకు పంపే డిస్ట్రిబ్యూటరే సాధారణంగా ఒక నంబరు ఇచ్చేస్తాడు.

రికార్డింగ్ మారితే నంబరు మారాలి. రీమిక్స్‌కి, అన్‌ప్లగ్డ్‌కి, తమిళంలో పాడిన దానికి వేర్వేరు నంబర్లు. డిస్ట్రిబ్యూటర్‌ని మార్చినప్పుడు మాత్రం అదే రికార్డింగ్‌కి పాత నంబరే అడగండి, లేకపోతే అన్నాళ్ల స్ట్రీమ్‌ల లెక్క పోతుంది. ఇది రికార్డింగ్‌కి సంబంధించిన నంబరు. బాణీకీ సాహిత్యానికీ కలిపి ఐఎస్‌డబ్ల్యూసీ అని ఇంకొకటి ఉంటుంది, అది టీ అక్షరంతో మొదలవుతుంది.

డబ్బు ఏ దారిన వస్తుంది?

ఒక దారిన కాదు, అందుకే చాలామందికి సగమే వస్తుంది. స్ట్రీమింగ్ యాప్‌లో మీ పాట మోగితే రికార్డింగ్ తాలూకు డబ్బు డిస్ట్రిబ్యూటర్ ద్వారా నిర్మాతకు వస్తుంది. ఇది అందరికీ తెలుసు, డాష్‌బోర్డులో కనిపిస్తుంది. సాహిత్యం, బాణీ తాలూకు రాయల్టీ ఆ దారిన రాదు. దానికి రచయిత, సంగీత దర్శకుడు ఐపీఆర్‌ఎస్‌లో (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ) సభ్యులవ్వాలి. సభ్యుల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే సొసైటీ అది, 1969లో మొదలైంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక, 2017 నవంబరులో కాపీరైట్ సొసైటీగా మళ్లీ నమోదైంది. సభ్యత్వం తీసుకుని ఊరుకుంటే చాలదు, ప్రతి పాటనూ, ఎవరి వాటా ఎంతో వాళ్లకు తెలియజేయాలి. తెలియజేయని పాట డబ్బు ఎవరిదో వాళ్లకెలా తెలుస్తుంది?

గాయకులకు 2013లో నమోదైన ఇస్రా ఉంది, ఇప్పుడు దాన్ని ఇసామ్రా అంటున్నారు. సౌండ్ రికార్డింగ్ యజమానులకు 2021లో రికార్డెడ్ మ్యూజిక్ పెర్ఫార్మెన్స్ లిమిటెడ్ సొసైటీగా నమోదైంది. డల్లాస్‌లో, న్యూజెర్సీలో మనవాళ్లు వింటారు కాబట్టి అమెరికాది కూడా చెప్పాలి. అక్కడి ఇంటర్నెట్ రేడియో, శాటిలైట్ రేడియోల రికార్డింగ్ రాయల్టీ సౌండ్‌ఎక్స్ఛేంజ్ వసూలు చేస్తుంది. నూటికి 50 రికార్డింగ్ యజమానికి, 45 ప్రధాన కళాకారుడికి, 5 మిగతా వాద్యకారులకు, గాయకులకు. నమోదుకు రుసుము లేదు. మీరే రాసి, మీరే పాడి, మీరే డబ్బు పెట్టుకున్నవాళ్లయితే ఈ దారులన్నింటిలోనూ మీరే నిలబడాలి.

పాట బాగా ఆడుతోంది, అయినా డబ్బు రావడం లేదు. ఏమై ఉంటుంది?

ముందు పేరు చూడండి. మన తెలుగువాళ్లకు, అందులోనూ చెన్నై తెలుగువాళ్లకు, ఇది పెద్ద బెడద. ఊళ్లో సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఇక్కడి బళ్లో చేరేసరికి ఇంటిపేరు పోయి తండ్రి పేరులో మొదటి అక్షరం ఇనిషియల్‌గా వస్తుంది. పాన్‌కార్డులో ఆ ఇనిషియల్ విప్పి నాన్న పేరు మొత్తం రాస్తారు. పాట మీద మాత్రం ముద్దుపేరు వేసుకుంటాం.

మా దగ్గర పాడే ఒకమ్మాయి ఉంది. పేరులో లక్ష్మి ఉంది. ఆధార్‌లో ఆ లక్ష్మికి ఎక్స్ ఉంది, పాన్‌లో కేఎస్‌హెచ్ ఉంది, మొదటి పాట అప్‌లోడ్ చేసిన కుర్రాడు చివర ఐ బదులు రెండు ఈలు పెట్టాడు. ఒకే యాప్‌లో ఆమెకు మూడు ప్రొఫైళ్లు తయారయ్యాయి. ఒకదానిలో పాటలున్నాయి, ఒకదానిలో ఫొటో ఉంది, మూడోది ఖాళీ. ఒక సాయంత్రమంతా కూర్చుని ఒక్కొక్క పాట తెరిచి, స్పెల్లింగు సరిచేసి, అభ్యర్థన పంపి, బ్యాంకు పాస్‌బుక్కులో ఉన్న పేరుతో సరిపోల్చి ముగించాం. ఆమె తల్లి పక్కనే కూర్చుని, "ఇన్నాళ్లూ నా బిడ్డ పాట ఎవరి పిల్లదో అయిపోయిందా?" అంది. నాకు ఆ మాట గుచ్చుకుంది.

కాబట్టి ఒక స్పెల్లింగు ఎంచుకోండి. ఒక కాగితం మీద రాసి స్టూడియోలో, డిస్ట్రిబ్యూటర్ దగ్గర, సొసైటీలో అదే ఇవ్వండి. రంగస్థల పేరు వేరే అయితే సొసైటీ దరఖాస్తులో దాన్ని మారుపేరుగా రాయండి.

"హక్కులన్నీ శాశ్వతంగా ఇచ్చేస్తున్నాను" అని సంతకం పెట్టాను. ఇక నాకేమీ రాదా?

వస్తుంది. రాయల్టీ పొందే హక్కును రచయిత గానీ సంగీత దర్శకుడు గానీ ఎవరికీ వదులుకోలేరు. ఇవ్వగలిగింది వారసులకో కాపీరైట్ సొసైటీకో మాత్రమే. 2012 జూన్ 21న అమల్లోకి వచ్చిన సవరణ ఇది. సినిమా పాట అయితే, థియేటర్లో సినిమాతో కలిపి ఆడినప్పుడు తప్ప మరెక్కడ వాడినా, హక్కులు కొన్నవాళ్లతో సమానంగా రాయల్టీలో వాటా ఉంటుంది. సినిమాది కాని పాటకి ఆ థియేటర్ మినహాయింపు కూడా లేదు. దీనికి విరుద్ధంగా రాసుకున్న ఒప్పందం చెల్లదు.

దీని వెనక పెద్ద కథే ఉంది. 1977లో సుప్రీంకోర్టు ఐపీఆర్‌ఎస్ కేసులో తీర్పు చెబుతూ, నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్న పాటకి నిర్మాతే మొదటి యజమాని అంది. దాంతో 35 ఏళ్లపాటు పాటలు రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ ఆ రోజు చేతికొచ్చిన పారితోషికమే ఆఖరు. జావేద్ అఖ్తర్ గారు రాజ్యసభలో నిలబడి గట్టిగా వాదించారు, చివరికి చట్టం మారింది.

ఇంకా నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నాళ్లకో రాయకపోతే ఐదేళ్లకే. ఎక్కడికో రాయకపోతే మన దేశానికే. కొన్నవాళ్లు ఏడాదిలోపు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేలా లేనప్పుడు, ఆ హక్కు మీకే తిరిగొస్తుంది. పాత కాగితాలు బయటికి తీసి ఈ నాలుగూ వెతకండి. ఏదైనా కనబడితే నోటీసు పంపేముందు ఒక న్యాయవాదికి చూపించండి.

నేను వయొలిన్ వాయించాను, పాడలేదు, రాయలేదు. నాకు హక్కుందా?

ఉంది. వాయించినవాళ్లు కూడా చట్టం దృష్టిలో ప్రదర్శకులే. రికార్డింగ్‌కి ఒప్పుకున్నా, వాణిజ్యంగా వాడుకున్నప్పుడు రాయల్టీ అడిగే హక్కు ఉంది. పేరు వేయమని అడిగే నైతిక హక్కూ ఉంది.

ఈ ప్రశ్న దగ్గర నేను కాస్త ఆగాలి. మా నాన్నగారు వయొలిన్ వాద్యకారులు. విజయవాడ నుంచి మద్రాసు వచ్చి వడపళనిలో కాపురం పెట్టి పాతికేళ్లు రికార్డింగ్ థియేటర్ల చుట్టూ తిరిగారు. ఆయన పోయాక ట్రంకుపెట్టెలో ఒక కట్ట దొరికింది. వోచర్ల నకళ్లు. ప్రతిదాని మీదా తేదీ, "వయొలిన్, ఒక కాల్‌షీట్" అని, మొత్తం, రెవెన్యూ స్టాంపు, స్టాంపు మీద అడ్డంగా ఆయన సంతకం. నలభైకి పైగా ఉన్నాయి. ఒక్కదాని మీద కూడా పాట పేరు లేదు. రేడియోలో ఏదో పాట వస్తుంటే ఆయన ఎడమచేతి వేళ్లు బల్లంచు మీద కదిలేవి. అది తను వాయించిందని మాకు అలా తెలిసేది. కాగితం మీద రుజువు లేదు. డబ్బిచ్చినవాళ్లు ఎగ్గొట్టలేదు, ఆ రోజుకి ఆ రోజు ఇచ్చేశారు. పేరే ఎవరూ రాయలేదు.

అందుకే మా స్టూడియోలో వోచరు మీద పాట పేరు, వాయించిన భాగం, వాయించినవాళ్ల పూర్తి పేరు లేకుండా డబ్బు చేతులు మారదు. మీరు ఎక్కడ వాయించినా అడగండి. సిగ్గుపడకండి.

మా తాతగారు కోడంబాక్కంలో పాటలు రాసేవారు. కుటుంబానికి ఏమైనా వస్తుందా?

ఆయన పోయి 60 ఏళ్లు దాటకపోతే ప్రయత్నించవలసిందే. వారసులు ఐపీఆర్‌ఎస్‌లో చేరవచ్చు. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం సిద్ధం చేసుకోండి. వారసులు నలుగురుంటే ఒకరిని ముందుపెట్టి మిగతావాళ్ల నిరభ్యంతరం తీసుకోండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటే నెలలు కలిసొస్తాయి.

రుజువులకి, సినిమా హాళ్ల బయట అమ్మిన పాటల పుస్తకాలు బంగారం. గ్రామఫోను రికార్డు మధ్యలో ఉండే లేబుల్, టైటిల్ కార్డులు కూడా పనికొస్తాయి. పాత పాటల విషయంలో చేతికి ఎంత వస్తుందన్నది అప్పటి ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. అది దొరికితే భద్రంగా ఫొటో తీసి పెట్టండి.

త్యాగరాజ కీర్తన పాడి పెడితే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. అదెలా?

సీజన్ అయ్యాక ప్రతి జనవరిలోనూ ఈ ఫోను వస్తుంది. త్యాగయ్య గారు 1847లో సిద్ధి పొందారు. ఆ సాహిత్యం, ఆ సంగీతం అందరివీ. కానీ ఆయన కృతిని పాడిన ఒక్కొక్క రికార్డింగ్‌కి ఒక్కొక్క యజమాని ఉంటాడు. యూట్యూబ్‌లో పాటల్ని పోల్చి పట్టుకునే యంత్రం పేరు కంటెంట్ ఐడీ. అది వినేది రికార్డింగ్‌నీ, స్వరాల పోలికనీ. అదే రాగం, అదే తాళం, అవే సంగతులు. యంత్రం పొరబడుతుంది. మీది మీరు సొంతంగా పాడిన రికార్డింగే అయితే ఆ సంగతి రాసి వివాదం పెట్టండి. సెషన్ ఫైళ్లు దాచుకోండి.

అన్నమయ్య దగ్గర మాత్రం జాగ్రత్త. 1503లో పరమపదించిన ఆయన సాహిత్యం రాగిరేకుల మీద మనకు మిగిలింది, రేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరం లేదు. ఇవాళ మనం పాడుతున్న బాణీల్లో చాలా భాగం 20వ శతాబ్దంలో కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో, నేదునూరి కృష్ణమూర్తి గారు 2014లో వెళ్లిపోయారు. వాళ్లు కట్టిన బాణీలకు లెక్కప్రకారం 2039 చివరిదాకా, 2074 చివరిదాకా రక్షణ ఉంది. "సాహిత్యం: అన్నమాచార్య" అని మాత్రమే వేసి బాణీని తనదిగా నమోదు చేసుకోవడం తప్పు. బాణీ ఎవరిదో మీ గురువుగారిని అడగండి, పేరు వేయండి, అనుమతి ఎవరి దగ్గర తీసుకోవాలో కనుక్కోండి. లేదా మీరే కొత్తగా కట్టుకోండి.

ఏదైనా సినిమా పాటకి కవర్ (మన గొంతుతో మళ్లీ పాడిన రికార్డింగ్) చేసుకోవచ్చా?

చట్టంలో దారి ఉంది గానీ ఇరుకైనది. మొదటి రికార్డింగ్ చేసిన ఏడాది దాటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి, ముందుగా నోటీసివ్వాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీల రాయల్టీ ముందే కట్టాలి. చిన్నవాళ్లకు కుదిరేది కాదు. పాట హక్కులున్న మ్యూజిక్ కంపెనీ దగ్గర అనుమతి తీసుకోవడమే నయం. కవర్‌ని సొంత బాణీగా సొసైటీలో నమోదు చేయకండి.

కంప్యూటర్లో వాద్యాలు కూర్చే ప్రోగ్రామర్ వాడిన లూప్‌తో (ముందే తయారుగా దొరికే చిన్న సంగీతపు ముక్క) ఇబ్బంది ఉందా?

లైసెన్సున్న లూప్ వాడుకోవడంలో తప్పు లేదు. కానీ అదే లూప్ ప్రపంచంలో వేలమంది దగ్గరుంటుంది. అలాంటి పాటను కంటెంట్ ఐడీలో పెడితే ఊరందరి వీడియోల మీదా మీ పేరుతో క్లెయిములు పడతాయి. పెట్టకండి.

పెళ్లిలో, గుడిలో పాడితే లైసెన్సు కావాలా?

పెళ్లి ఊరేగింపుకీ, పెళ్లి వేడుకలకీ, దైవకార్యాలకీ చట్టంలో మినహాయింపు ఉంది. టికెట్ పెట్టిన కార్యక్రమానికి లేదు, అక్కడ నిర్వాహకులు లైసెన్సు తీసుకోవాలి. పాడిన పాటల జాబితా సొసైటీకి చేరేలా చూడండి, రాసినవాళ్లకు డబ్బు ఆ జాబితా మీదే వెళ్తుంది.

పన్ను?

రాయల్టీ మీద 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది. అమెరికా డబ్బుకి డబ్ల్యూ-8బెన్ ఫారం నింపితే రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతమే కోస్తారు.

ఒప్పందం ఇంగ్లీషులోనే ఉండాలా? మాకు అంత రాదు.

తెలుగులో రాసినా చెల్లుతుంది. అర్థంకాని ఇరవై పేజీల కన్నా అర్థమైన అరపేజీ మేలు. మా దగ్గర మైకు ఆపకముందే ఇది రాయిస్తాం, కావాలంటే ఉన్నదున్నట్టు వాడుకోండి:

"ఫలానా తేదీన, ఫలానా స్టూడియోలో రికార్డు చేసిన ఫలానా పాటకు సాహిత్యం ఫలానా వారిది, బాణీ ఫలానా వారిది. పాడినది ఫలానా వారు. వాయించినవారు, ఏ వాద్యమో, ఒక్కొక్కరి పూర్తి పేరుతో కింద రాశాం. రికార్డింగ్ ఖర్చు భరించినది, రికార్డింగ్‌కి యజమాని ఫలానా వారు. సాహిత్యానికి నూటికి ఇంత, బాణీకి నూటికి ఇంత వాటా. అందరం చదువుకుని, పాన్‌కార్డులో ఉన్న స్పెల్లింగుతో పేర్లు రాసి, సంతకాలు చేశాం."